ఆరు మిల్లీమీటర్లు

సెప్టెంబర్ 8, సోమవారం

తెలుగులో రాసి చాలా ఏళ్ళయింది. అక్షరాలు వంకర పోతున్నాయి. అయినా ఇది తెలుగులోనే రాయాలి. ల్యాబులో ఎవరి కంట పడినా అర్థం కాదు. ఇంట్లో మా పాప మహతికి చదవడం రాదు. మా ఆయన అనిల్ చదవగలడు గానీ ఇంకొకరి పుస్తకం ముట్టుకునే మనిషి కాదు.

విషయం ఇది. పేపర్ తప్పు.

జర్నల్ రివ్యూయర్ ఒక చిన్న ప్రశ్న అడిగాడు. బరువు రేణువుల వేగం కూడా సరిగ్గా ఆరో వంతే ఎందుకు తగ్గింది, అని. జవాబు రాద్దామని ఆగస్టు ఫోటోలు తెరిచాను.

మా పని అంతా ఒక నీళ్ళ ట్యాంకులో. రెండు వైపులా రెండు పంకాలు తిరుగుతుంటే లోపల నీళ్ళు సుళ్ళు సుళ్ళుగా కలబడతాయి. అందులో పంచదార పలుకులో పదో వంతు కూడా లేని రేణువులు వదులుతాం. పక్కపక్కనే ఉన్న రెండింటిని పట్టుకుని, అవి ఎంతసేపట్లో ఎంత దూరం విడిపోతాయో లేజర్ వెలుగులో నాలుగు కెమెరాలతో చూస్తాం. మార్చిలో తేలిక రేణువులు, ఆగస్టులో కొంచెం బరువైనవి. బరువైన జంటలు ఆరో వంతు నెమ్మదిగా విడిపోతున్నాయని మేం కనుక్కున్నాం. నేను కనుక్కున్నాను. రెండేళ్ళ పని.

ఫోటోలో దూరాలు తెలియాలంటే ముందు ట్యాంకులో చుక్కల ప్లేటు నిలబెట్టి ఒక ఫోటో తీసుకోవాలి. చుక్కకీ చుక్కకీ మధ్య ఎంతో మనకు తెలుసు కాబట్టి అదే మా కొలబద్ద. మార్చి ఫోటోలో అడ్డంగా అరవై ఒక్క చుక్కలు. ఆగస్టు ఫోటోలో యాభై ఒకటి. ట్యాంకు అదే, కెమెరాలు అవే. జూలైలో పాత ప్లేటు మూల విరిగితే కొత్తది తెప్పించాం. అంటే కొత్త దాంట్లో చుక్కల మధ్య ఆరు మిల్లీమీటర్లు. నా కంప్యూటర్లోని పట్టికలో మాత్రం అయిదు అనే ఉంది.

ఆరుకి బదులు అయిదు. సరిగ్గా ఆరో వంతు తేడా.

బరువు రేణువులు నెమ్మదిగా ఏమీ విడిపోవడం లేదు. మేం చిన్న కొలబద్దతో కొలిచాం, అంతే.

ఆగస్టులో ప్లేటు కొలిచింది మునవ్వర్ అంకుల్.


సెప్టెంబర్ 9

చెప్పలేదు.


సెప్టెంబర్ 11, గురువారం

మధ్యాహ్నం ప్యాంట్రీలో అంకుల్, నేను. వాళ్ళావిడ నిగార్ ఆంటీ ఖట్టీ దాల్, బగారా బైగన్ పంపారు. నా గోంగూర పచ్చడి డబ్బా మామూలుగానే ఆయన వైపు జరిపాను.

“మీ బాపట్ల గోంగూర తిన్నట్టు తెలిస్తే మా బేగం ఊకోదు,” అన్నారు.

“చెప్పకండి.”

“నేను చెప్ప. నోరు ఎర్రగైతది గద, అదే చెప్తది.”

తిన్నాక రిటైర్మెంట్ కాగితం చూపించారు. నవంబర్ 28 ఆఖరి రోజు. ఇరవై నాలుగేళ్ళు ఈ ల్యాబులోనే టెక్నీషియన్. అంతకు ముందు షిప్‌యార్డులో. కాగితం చదివేటప్పుడు చెయ్యి బారెడు చాచి దూరంగా పట్టుకున్నారు. ఈమధ్య లాగ్‌బుక్కు కూడా అలాగే పట్టుకుంటున్నారు. అరవై ఏడేళ్ళు. కళ్ళు ఎలా ఉంటాయి మరి.

మహతి పుట్టాక నాలుగేళ్ళు ఇంట్లో ఉండి, మళ్ళీ పనిలో చేరిన మొదటి వారం నాకు గుర్తుంది. ఒక వాల్వు తిప్పబోయి ఇంకొకటి తిప్పాను. ల్యాబు మొత్తం చీలమండల దాకా నీళ్ళు. ప్రొఫెసర్ గో పరుగెత్తుకొచ్చేసరికి అంకుల్ తుడుపు కర్ర పట్టుకుని, “పైపు పాతదైంది మేడమ్,” అన్నారు. ఆ పైపు వేసి నెల రోజులే అయింది. ఆవిడ వెళ్ళాక నా వైపు చూసి, “ఎడమ దిక్కుది నీళ్ళకు, కుడి దిక్కుది గాలికి, బేటీ,” అని మాత్రం అన్నారు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు నేను వెళ్ళి, మీరు చేసిన ఆఖరి పెద్ద పని తప్పు అని చెప్పాలా?


సెప్టెంబర్ 12

సోమవారం తప్పకుండా ప్రొఫెసర్‌కి చెప్తాను.


సెప్టెంబర్ 15, సోమవారం

ఆవిడ జపాన్ వెళ్ళారట. శుక్రవారం దాకా రారు. ఊపిరి పీల్చుకున్నాను. నా తప్పు ఏముంది ఇందులో, ఆవిడ లేరు కదా.


సెప్టెంబర్ 19, శుక్రవారం

లాగ్‌బుక్కు ల్యాబు షెల్ఫులో నా చేతికి అందేంత ఎత్తులోనే ఉంది. నీలం అట్ట. ఆగస్టు పేజీ తీసి చూస్తే సరిపోతుంది. చూడలేదు. ఆయన గుండ్రటి చేతిరాతలో ఆ తప్పును చూడటం నాకు ఇష్టం లేదు. చూసి చేసేది కూడా ఏమీ లేదు. చుక్కలు లెక్కపెట్టాను, చాలు.

ప్రొఫెసర్ వచ్చారు. అలసిపోయి ఉన్నారు. ఇవాళ వద్దులే అనుకున్నాను.


సెప్టెంబర్ 23, మంగళవారం

అనిల్‌తో చెప్పాను. మహతి పక్కనే హోంవర్క్ చేసుకుంటోంది. అంతా విని అనిల్ అడిగిన మొదటి ప్రశ్న: “లాగ్‌బుక్కులో ఏముంది?”

“చూడక్కర్లేదు. ఆయన కళ్ళ సంగతి నాకు తెలుసు.”

“అదికాదు కోటీ, చూడటానికి రెండు నిమిషాలు కూడా పట్టదు కదా?”

నాకు ఒళ్ళు మండింది. తంజోంగ్ పగార్ ఆఫీసులో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసుకునే మనిషికి ఒక పెద్దాయన పరువు గురించి ఏం తెలుస్తుంది? అదే మాట పైకే అనేశాను.

మహతి తల ఎత్తకుండా, తన స్కూలు ఇంగ్లీషులో, “అమ్మా, హీ ఓన్లీ ఆస్క్ లా,” అంది.

తర్వాత వంటింట్లోకి వచ్చి అనిల్ గిన్నెలు తోమాడు. అతనితో ఇదే చిక్కు. పోట్లాడితే నాకు తేలిగ్గా ఉండేది.

నా కాంట్రాక్టు డిసెంబర్ 31తో అయిపోతుంది. ఈ పేపర్ మీదే ఇంకో రెండేళ్ళు ఇస్తామన్నారు. ఇవ్వకపోయినా మేం ఈ దేశంలోనే ఉండొచ్చు, అనిల్ వర్క్ పాస్ ఉంది. నేను మళ్ళీ అతని పాస్ మీద ఆధారపడ్డ భార్యనవుతాను. ఆ నాలుగేళ్ళు ఫారాల్లో ఉద్యోగం అన్నచోట గీత గీసినప్పుడల్లా ఎలా ఉండేదో ఎవరికీ చెప్పలేదు.


సెప్టెంబర్ 26, శుక్రవారం

నిర్ణయించుకున్నాను. తప్పు నాదే అని చెప్తాను. పట్టికలో అంకె నేనే తప్పు కొట్టానంటాను. అంకుల్ పేరు రాదు. ఆయన నవంబర్ 28న తలెత్తుకుని వెళ్తారు.

నాకు ఏమైనా పర్వాలేదు. రాస్తుంటే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. నేను చిన్నప్పటి నుంచీ ఇంతే.


సెప్టెంబర్ 30, మంగళవారం

చెప్పేశాను.

ప్రొఫెసర్ గో చాలాసేపు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూశారు. చుక్కలు తనే లెక్కపెట్టుకున్నారు. “ఎవరు ఎంటర్ చేశారు?” అన్నారు.

“నేను.”

“లాగ్‌బుక్కు చూశావా?”

“చూశాను.”

ఎందుకలా అన్నానో తెలియదు. నోటికి వచ్చేసింది. ఆవిడ ఇంకేమీ అడగకముందే గబగబా చెప్పాను, నేనే ఇంకోసారి సరిచూసుకోవాల్సింది, మునవ్వర్‌కి ఈమధ్య కళ్ళు సరిగా కనిపించడం లేదు, ఆయన మీద వదిలేయకుండా ఉండాల్సింది, పూర్తిగా నాదే బాధ్యత, అని.

పేపర్ వెనక్కి తీసుకుంటామన్నారు. బరువు రేణువుల ప్రయోగం మొదటి నుంచీ మళ్ళీ చేయమన్నారు. కాంట్రాక్టు మాట తర్వాత. కోప్పడలేదు. తలుపు దాకా వచ్చి, “చెప్పడం మంచిదయింది,” అన్నారు.


అక్టోబర్ 1

హాయిగా ఉంది. మూడు వారాల తర్వాత కడుపునిండా తిన్నాను.


అక్టోబర్ 3, శుక్రవారం

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పదకొండింటికి అంకుల్ నా బల్ల దగ్గరికి వచ్చారు. కూర్చోలేదు.

“ప్రొఫెసర్ మేడమ్ లేజర్ గదిలకు రావద్దన్నరు. కండ్ల డాక్టర్ కాగితం తెచ్చినంకనే రమ్మన్నరు. కొత్త ప్రయోగం వేరేవాళ్ళు జూస్కుంటరంట. మంచిగనే చెప్పిండ్రు, రెస్ట్ తీస్కోమన్నరు,” అన్నారు. “నా కండ్లకు ఏమైందమ్మా? నాకైతే తెల్వదు. నీకు తెల్సినట్టుంది.”

నేను లేచి నిలబడ్డాను. అంకుల్, అది కాదు, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనకూడదనే, అని ఏదో మొదలుపెట్టాను. ఆయన వినడం లేదు. షెల్ఫులోంచి నీలం అట్ట పుస్తకం తీశారు. వెతుక్కోలేదు, తిన్నగా ఆ పేజీకే వెళ్ళారు. నా బల్ల మీద పెట్టారు.

ఆగస్టు 4. ఎర్ర సిరాతో మూడు కొలతలు. 6.00, 6.00, 6.01. కింద ఇంగ్లీషులో: కొత్త ప్లేటు, అయిదు కాదు, ఆరు, డాక్టర్ కె.కి చెప్పాను. కింద సంతకం.

“ఆ దినం నువ్వు ఫోన్‌ల ఉన్నవ్,” అన్నారు. “పాపకు జ్వరమని స్కూలోళ్ళు చేసిండ్రు. నేను ఆరు అని చెప్పిన. నువ్వు తల ఊపినవ్. బేజారుల ఉన్నది పిల్ల, తర్వాత పుస్తకం చూస్కుంటది గద అనుకున్న.”

అప్పుడు గుర్తొచ్చింది. మహతికి నూట మూడు. నేను టాక్సీ కోసం పరుగెత్తుతున్నాను. మర్నాడు మార్చి వరుసను కాపీ చేసి కింద అతికించాను. అయిదు అనే అంకె అలాగే దిగిపోయింది.

తప్పు నాదే అని అబద్ధం చెప్తున్నాననుకున్నాను. నిజంగానే నాది.

“మూడు వారాల సంది ఎరికేనంట గద నీకు?” అన్నారు.

తల ఊపాను.

“మూడు వారాలు నాతోని కూసొని బువ్వ తిన్నవ్.”

మధ్యాహ్నం ఆయన టిఫిన్ డబ్బా ప్యాంట్రీలో విప్పకుండానే ఉంది. నాలుగింటికి అది పట్టుకుని వెళ్ళిపోయారు.


అక్టోబర్ 6

“గుడ్ మార్నింగ్ డాక్టర్,” అన్నారు.

మూడేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను డాక్టర్ అనలేదు.


అక్టోబర్ 7

“యెస్ డాక్టర్.” “నో డాక్టర్.” ఆయన స్టోరు గదిలో పాత పైపులు సర్దుతున్నారు. ఆఖరి రెండు నెలలు ఆయన చేయాల్సిన పని అదా?

గోంగూర డబ్బా వెనక్కి తెచ్చాను. మహతి అడిగింది, అంకుల్ సిక్ ఆ, అని.


అక్టోబర్ 9, గురువారం

మళ్ళీ ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళాను. లాగ్‌బుక్కు తీసుకెళ్ళి ఆ పేజీ చూపించాను. ఆయన సరిగ్గా కొలిచారు, రాశారు, నాతో చెప్పారు. నేను వినలేదు. ఈ పుస్తకం చూశానని మీతో అన్నది అబద్ధం. ఆయన కళ్ళ గురించి నాకేమీ తెలియదు, ఊహించుకున్నాను.

ఈసారి కోప్పడ్డారు. “అంకె తప్పు కొట్టడం ఎవరికైనా జరుగుతుంది. చూడని పుస్తకం చూశానని నాతో చెప్పావు. నేను ఆ మాట నమ్మి పాతికేళ్ళుగా పనిచేస్తున్న మనిషిని తన గదిలోంచి బయటికి పంపాను,” అన్నారు. గొంతు పెంచలేదు గానీ చేతిలో పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు. కాంట్రాక్టు గురించి నేను అడగలేదు. ఆవిడా ఎత్తలేదు.

తర్వాత తనే స్టోరు గదికి వెళ్ళారట. అంకుల్‌కి క్షమాపణ చెప్పారని రిసెప్షన్‌లో అమ్మాయి చెప్పింది. ప్రొఫెసర్ చెప్పారు. నేనింకా చెప్పలేదు.

అనిల్‌కి కూడా చెప్పాలి. లాగ్‌బుక్కు అని మొదట అన్నది అతనే.


అక్టోబర్ 12, ఆదివారం

మా బుకిట్ పంజాంగ్‌లో ఎల్‌ఆర్‌టీ రైలెక్కి చోవా చూ కాంగ్‌లో అంకుల్ వాళ్ళింటికి వెళ్ళాం, మహతీ నేనూ. దారిలో రెండుసార్లు వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. మహతి లేకపోతే వెళ్ళిపోయేదాన్నే.

పదకొండో అంతస్తు. నిగార్ ఆంటీ తలుపు తీశారు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, మహతిని దగ్గరికి లాక్కుని, “రా బిడ్డా, సేమియా చేసిన,” అని లోపలికి తీసుకెళ్ళిపోయారు. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. నేనూ వెనకే వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన వరండాలో మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు.

“జూన్‌ల పది దినాలు లీవు పెట్టిండు గద,” అన్నారు ఆంటీ, గిన్నె కలుపుతూ. “మా బిడ్డ ఇరం కొత్త ఇంట్లకు పోతుందని మీకు చెప్పిండు. ఏం లే. రెండు కండ్లు ఆపరేషన్ చేయించుకుండు. ఎవ్వరికి చెప్పొద్దు, ముసలోడైండు అంటరు అన్నడు. ఇప్పుడు దూరంది నాకంటె మంచిగ కనిపిస్తది. దగ్గరిది చదవాలంటె అద్దాలు కావాలె. అవి పెట్టుకోడు, జేబుల పెట్టుకుంటడు.”

అందుకే కాగితం అంత దూరంగా పట్టుకున్నారు.

“మరి ప్లేటు కొలిచేటప్పుడు?” అని నోరు జారాను.

“అప్పుడు పెట్టుకుంటడు,” అన్నారు ఆంటీ. “పని గద.”

మహతి అప్పటికే వరండాలోకి వెళ్ళింది. దానికి ఏం అర్థమైందో, “అంకుల్, ఆ వైట్ లారీ నంబర్ కెన్ సీ ఆర్ నాట్?” అంటోంది, కింద కార్ పార్కు వైపు చూపిస్తూ. ఆయన నీళ్ళ డబ్బా కింద పెట్టి, అక్షరాలూ అంకెలూ గడగడా చదివేశారు. మహతి రెయిలింగు మీదికి వంగి సరిచూసుకుంది. “వా, సో షార్ప్! అమ్మా, యూ ట్రై.”

నేను ట్రై చేశాను. లారీ తెల్లగా ఉందని మాత్రం తెలిసింది.

“అమ్మా! యూ ఆర్ ద వన్ నీడ్ స్పెక్స్ లా!”

ఆంటీ గట్టిగా నవ్వేశారు. అంకుల్ నవ్వలేదు గానీ మీసం కదిలింది. మహతిని ఆంటీ సేమియాకి పిలిచారు. మేమిద్దరం మిగిలాం.

“నన్ను క్షమించండి అంకుల్,” అన్నాను. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

ఆయన ఒక ఎండిన ఆకు తుంచారు. “అంకె తప్పు కొడ్తె నాకేం కోపం లేదు. నేను గూడ శానా తప్పులు జేసిన. నువ్వు పుస్తకం తెర్వలే. ఆయన ముసలోడు, తప్పే జేసుంటడు అని నీకు నువ్వే అనుకున్నవ్. అనుకొని, పాపం అని నా మీద దయ జూపెట్టినవ్. గదే నాకు తక్లీఫ్ అయింది.”

“మీకు చెడ్డపేరు రాకూడదనుకున్నాను.”

“అడగాలె గద, బేటీ. అంకుల్, ఇది మీరు చేసిండ్రా అని అడిగితె నేనేమన్న కరుస్తనా? చేస్తె చేసిన అంట. లేకపోతె లే అంట. ఇర్వై నాలుగేండ్లల నువ్వు ఒక్కదానివే అడగలే.”

నేను ఏడ్చాను. ఆయన కంగారుపడి, “అరె నక్కో, నక్కో, ఆంటీ నన్ను తిడ్తది,” అంటూ జేబులోంచి రుమాలు తీశారు. దాంతోపాటు కళ్ళద్దాలూ బయటికొచ్చి కింద పడ్డాయి. ఇద్దరం ఒకేసారి వంగాం.

తిరిగొచ్చేటప్పుడు ఆంటీ సేమియా డబ్బా ఇచ్చారు. అంకుల్ లిఫ్టు దాకా వచ్చి, “రేపు ప్లేటు కడిగి పెట్టు. తొమ్మిదింటికి వస్త,” అన్నారు.

బేటీ అన్నారు. ఇప్పుడు రాస్తుంటే గమనించాను.


అక్టోబర్ 13

తొమ్మిదికి అయిదు నిమిషాలుండగానే వచ్చారు. కంటి డాక్టరు కాగితం ప్రొఫెసర్‌కి ఒకటి, నా బల్ల మీద ఒకటి పెట్టారు. నాకెందుకు అంటే, “ఫైల్ చేస్కో,” అన్నారు.


అక్టోబర్ 20, దీపావళి

సెలవు. పొద్దున్నే డబుల్ కా మీఠా వచ్చింది, ఇరం తెచ్చి ఇచ్చింది. నేను అరిసెలు చేయబోయి పాకం ముదరబెట్టాను. అయినా పంపాను. అనిల్ నాకు కళ్ళద్దాలు కొనిపెట్టాడు. పెట్టుకుని బాల్కనీలోకి వెళ్తే ఎదురు బ్లాకులో ఎవరో దీపాలు సర్దుతూ కనిపించారు. ఇన్నాళ్ళూ అక్కడ మనుషులు కనిపిస్తారని కూడా తెలియదు నాకు.

అతనికి ఆ రోజు అన్న మాటకు సారీ చెప్పాను. “ఏ మాట?” అన్నాడు. గుర్తుండే ఉంటుంది.


నవంబర్ 6, గురువారం

ప్రయోగం మూడు వారాలుగా నడుస్తోంది. ప్రతి విడతకీ ముందొకసారి, వెనకొకసారి ప్లేటు ఫోటో తీస్తున్నాం. అంకుల్ నాచేతే కొలిపిస్తున్నారు. ఆయన కొలిచింది చెప్పరు. నేను కొలిచింది ముందు రాయాలి, తర్వాత ఆయన చూపిస్తారు.

ఇవాళ బరువు రేణువులు ట్యాంకులో పోసి పంకాలు వేశాం. పోసిన చోట మొదట పాలచుక్కలా ఉంటాయి. రెండు క్షణాల్లో చారలు, ఆ తర్వాత ఎక్కడికక్కడ. వందలసార్లు చూశాను. అంకుల్ ఎన్ని వేలసార్లు చూశారో. అయినా వేసినప్పుడల్లా ఇద్దరం మాట్లాడటం ఆపేస్తాం.

“నీకు ఏమనిపిస్తది?” అన్నారు ఇవాళ. “పేపర్లకు రాసేది కాదు. మామూలుగ.”

బాగుంటుంది, అన్నాను.

“హౌ,” అని తల ఊపారు. “నాకు గూడ.”


నవంబర్ 14, శుక్రవారం

లెక్కలు పూర్తయ్యాయి. తేలిక జంటలూ బరువు జంటలూ దాదాపు ఒకేలా విడిపోతున్నాయి. బాగా దూరమయ్యాక మాత్రం బరువువి రెండు శాతం వెనకబడుతున్నాయి. అంతే. ఆ రెండు శాతం ప్రతి విడతలోనూ ఉంది, నాలుగుసార్లు చూశాను.

“ఆరో వంతు అనుకున్నది రెండు శాతానికి వచ్చింది అంకుల్. ఇది పేపర్ కాదు, పేరాగ్రాఫు.”

“నిజమేనా?”

“నిజమే.”

“మల్ల రాయి.”


నవంబర్ 21, శుక్రవారం

ప్రొఫెసర్ పిలిచారు. రెండేళ్ళు ఇవ్వలేనన్నారు. ఆరు నెలలు. ఈ ఆరు నెలల్లో లాగ్‌బుక్కు బాధ్యత నాదే, అంకుల్ స్థానంలో వచ్చే అతనికి పని నేర్పేదీ నేనే. జూన్‌లో మళ్ళీ చూద్దామన్నారు. సరేనన్నాను. దిగులు పడాలి గానీ పడటం లేదు. జూన్ వచ్చాక పడతానేమో.

చిన్న పేపర్ రాస్తున్నాం. అంకుల్ పేరు రచయితల్లో పెట్టాలని అడిగాను. ఇరవై నాలుగేళ్ళుగా ప్రతి పేపర్ చివరా కృతజ్ఞతల్లోనే వచ్చింది ఆ పేరు. ప్రొఫెసర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, “ఇంతకు ముందే అడగాల్సింది ఎవరైనా. నేనైనా,” అన్నారు.

ఆయనకు చెప్తే చాలాసేపు కెమెరా లెన్సు తుడుస్తూ ఉండిపోయారు. తర్వాత, “స్పెల్లింగుల రెండు డబ్ల్యూలు ఉంటయ్. ఒకటే రాస్తరు అందరు,” అన్నారు.


నవంబర్ 28, శుక్రవారం

మధ్యాహ్నం కేకు కట్ చేశారు. ప్రొఫెసర్ మాట్లాడారు. అంకుల్ కొత్త చొక్కా వేసుకొచ్చారు, మడతలు కూడా పోలేదు. నాలుగింటికి అందరూ వెళ్ళిపోయాక నిగార్ ఆంటీని లోపలికి తీసుకెళ్ళాను. ప్రొఫెసర్‌ని ముందే అడిగి పెట్టుకున్నాను. ఇరవై నాలుగేళ్ళలో ఆంటీ ఈ గది చూడనే లేదట. బయటివాళ్ళు రాకూడదు కదా.

లేజర్ ఆపేసి తెల్ల దీపం పెట్టాను. ఆంటీ దుపట్టా సర్దుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా నిలబడ్డారు. అంకుల్ రేణువులు పోశారు. పంకాలు తిరిగాయి. చీకట్లో తెల్లటి చుక్కలు వేలకొద్దీ పైకీ కిందికీ సుళ్ళు తిరుగుతూ.

“యా అల్లా,” అన్నారు ఆంటీ. కాసేపటికి, “ఇందుల ఏం జూడాలె?” అన్నారు.

“పక్కపక్కన ఉన్న రెండిట్ని పట్టుకోండి ఆంటీ. అవి ఎటు పోతాయో చూస్తూ ఉండండి.”

ఆంటీ అద్దానికి ముఖం ఆనించి రెండింటిని ఎంచుకున్నారు. వేలుతో వెంబడించారు. వేలు ఇలా పోయి, అలా పోయి, ఆగిపోయింది. “పోయినయ్,” అన్నారు చిన్నబుచ్చుకుని. ఇంకో రెండు. అవీ పోయాయి. మూడోసారి కొంచెం ఎక్కువసేపు వెళ్ళింది వేలు, ట్యాంకు మూల దాకా.

తర్వాత వెనక్కి తిరిగి ఆయన్ని చూశారు. “ఇర్వై నాలుగేండ్లు, పొద్దున పోయి మగ్రిబ్ నమాజు దాటినంక ఇంటికి వస్తివి. గిది చూస్తానికా?”

“హౌ,” అన్నారు అంకుల్.

ఆంటీ మళ్ళీ ట్యాంకు వైపు తిరిగారు. నీళ్ళు నెమ్మదిస్తున్నాయి. ఒక్కొక్కటిగా చుక్కలు అడుగుకు దిగుతున్నాయి.

“మరి ఒక్కనాడన్న చెప్పకపోతివి, ఇంత మంచిగుంటదని,” అన్నారు. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నారు. “ఇంకొక్కసారి వెయ్యి.”

అంకుల్ నా వైపు చూశారు. ఇవాళ్టితో ఆయనకు పంకాల స్విచ్ మీద హక్కు అయిపోయింది. నేను తలుపు దగ్గరికి వెళ్ళి, చూడనట్టు అటు తిరిగి నిలబడ్డాను.

వెనక పంకాలు మళ్ళీ మొదలయ్యాయి.